ఎర్రచుక్క పెట్టిన వాల్వు

బిష్కెక్ నగరంలో జానపద గానాల్ని టేపులకెక్కించి దాచిపెట్టే చిన్న స్టూడియో ఒకటుండేది. బురుల్ అందులో ఇరవయ్యేడేళ్లు సౌండు ఇంజినీరుగా పనిచేసింది. పాటగాళ్లకు ఆవిడంటే హడలు. "బురుల్ దగ్గరికి పోయేముందు కడుపునిండా తినిపోండి. లేకపోతే పేగుల అరుపు కూడా టేపులోకి ఎక్కించేస్తుంది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవారు. మూడు తీగల కోముజ్ వాద్యం వాయించే వాళ్లు తీగ మార్చి ఎన్నాళ్లయిందో వినగానే చెప్పేసేది. ఎవరైనా ముక్కుదిబ్బడతో వస్తే తలుపు దగ్గరే పట్టుకుని, "వారం పోయాక రా నాయనా, పాటకు జలుబు చేసింది" అని వెనక్కి పంపేసేది.

ఆవిడకప్పుడు యాభై నాలుగేళ్లు. భర్త ముకాష్ లారీ డ్రైవరు. పద్దెనిమిదేళ్ల కిందట నరిన్ దారిలో, దొలొన్ కనుమ దగ్గర, మంచుచరియ విరిగిపడి లారీతో సహా పోయాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి కరకోల్‌లో కాపురముంటోంది. బురుల్‌కు ఇల్లన్నా, లోకమన్నా, పలకరించే మనుషులన్నా ఆ స్టూడియోయే.

రష్యాతో కలిసున్న పెద్ద దేశం ముక్కలై ఆరేళ్లయింది. ఆ ఏడు సెప్టెంబరులో అట్‌బాషీ లోయ నుంచి ఒక కబురొచ్చింది. జూరాకాన్ అనే ఎనభై రెండేళ్ల ముసలావిడ నగరానికొచ్చి పాడటానికి ఒప్పుకుందట. పాడేది శోకాలు. చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు గోడవైపు తిరిగి కూచుని, పోయినవాడి మంచీ చెడూ, వాడెక్కిన గుర్రం, వాడు పట్టిన కొరడా, వాడు పెట్టిన తిండి అన్నీ పాటగా కట్టి ఏడుస్తారు. కొషోక్ అంటారు దాన్ని. ఎవరి ఇంటి ఏడుపు వాళ్లే ఏడవాలి గానీ, జూరాకాన్ శోకమెత్తుకుంటే కట్టేసిన గుర్రాలు కూడా మేత మానేస్తాయని ఆ లోయలో పేరు. ఆమె తరవాత అంతటి మనిషి లేదు. ఆమెకేమో ఒంట్లో బాగుండటం లేదు. నవంబరు మొదటి వారంలో మనవడు బస్సెక్కించి పంపిస్తానన్నాడు.

అప్పట్నుంచి స్టూడియోలో ఒకటే తర్జనభర్జన. ఆమె గొంతును దేనితో పట్టాలి?

మైకులోంచి వచ్చే శబ్దం చీమ నడకంత ఉంటుంది. దాన్ని టేపు మీద నిలబడేంత పెద్దది చేసే పెట్టెను ప్రీయాంప్ అంటారు. గొంతు దాటే మొదటి గుమ్మం అదే. అక్కడ చెడిందంటే తరవాత బ్రహ్మదేవుడొచ్చినా బాగుచెయ్యలేడు. స్టూడియోలో అలాంటివి రెండున్నాయి. ఒకటి పాత రేడియోల్లోలాగా గాజు వాల్వులతో నడిచేది. బురుల్ పుట్టిన పదిహేనేళ్లకు లెనిన్‌గ్రాద్‌లో తయారైంది, ఏడాది గొర్రెంత బరువు. మీట నొక్కాక నలభై నిమిషాలు వేడెక్కితే గానీ పనిలోకి దిగదు. రెండోది ఆ వేసవిలో విదేశీయులెవరో దానంగా పంపింది. వాల్వుల్లేవు, పుస్తకమంత ఉంటుంది, మీట నొక్కీనొక్కగానే సిద్ధం. పోనీ రెండూ పెట్టి రెండు రకాలుగా పట్టుకుందామంటే మంచి మైకు ఒక్కటే ఉంది. టేపు మిషనులో శబ్దం ఎక్కే రెండు దారులకు గానూ ఒకటి వేసవిలోనే పాడైంది, దానికి సామాను దొరకలేదు. కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

రెండో ఇంజినీరు తిలేక్‌కు ముప్పై మూడేళ్లు. బురుల్ చేతికింద పని నేర్చినవాడే. ఆవిణ్ణి అక్క వరసన "ఏజే" అని పిలిచేవాడు.

"ఏజే, కొత్తదాంట్లో రొదన్నదే లేదు. ముసలావిడ గొణిగినా మాట మాటా వినపడుతుంది. పాతది మనకంటే ముందే రిటైరవ్వాల్సింది" అన్నాడు.

"నువ్వు ఎప్పుడైనా శోకం విన్నావా?"

"మా తాత పోయినప్పుడు బడిలో ఉన్నాను. రేడియోలో విన్నాను."

"రేడియోలో విన్నది శోకం కాదు, వార్త. అది గొణుగుడుతో మొదలవుతుంది తిలేక్. తరవాత ఒక కేకొస్తుంది. కొత్తది ఆ కేకను తట్టుకోలేదు, రేకు చించినట్టు చించేస్తుంది. వాల్వు అలాక్కాదు, ఒంగి మోస్తుంది."

"శబ్దం పాళ్లు తగ్గించి, కేకకు చోటొదిలి పెట్టుకుంటే సరిపోతుంది కదా?"

"ఎంతొదులుతావ్? ఎక్కువొదిలితే గొణుగుడు టేపు రొదలో మునిగిపోతుంది."

తిలేక్ తల గోక్కున్నాడు. చివరికి బురుల్ మాటే నెగ్గింది. వాల్వు ప్రీయాంపే పెడదామన్నారు. కానీ దాని మొదటి వాల్వు ముసలిదైపోయింది. కొత్తది కావాలి. అలాంటివి తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడి ఎన్నాళ్లయిందో.

ఆదివారం ఓష్ బజారు వెనక కాలిబాట మీద జనం ఇంట్లో సామాన్లు పరిచి అమ్ముకునేవారు. దేశం విడిచి రష్యా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. బురుల్ మూడు ఆదివారాలు తిరిగింది. మూడోవారం వలెంతీనా అనే రష్యను ఆవిడ, దుప్పటి మీద పింగాణీ కప్పులూ, పెళ్లిలో తొడుక్కున్న బూట్లూ పెట్టుకుని కూచునుంది. పక్కనే మిఠాయి డబ్బాలో, దూదిలో చుట్టిన వాల్వులు నాలుగు.

"మా ఆయన రేడియోలు బాగుచేసేవాడు. పట్టుకుపో. నాలుగూ తీసుకో, విడివిడిగా ఇవ్వను" అంది.

"ఎక్కడికి ప్రయాణం?"

"సరాతోవ్. అక్కయ్య దగ్గరికి. నేనక్కడ పుట్టింది లేదు, పెరిగింది లేదు. భాష నాదేనట, అందుకని ఊరు కూడా నాదేనంటున్నారు."

"మీ ఆయన?"

"ఆయనిక్కడే ఉంటాడు. పడమటి శ్మశానంలో, మూడో వరస." డబ్బాకు తాడు కడుతూ ఆవిడ తలెత్తలేదు. "అటు పోతే ఒకసారి ఆకులూడ్చి వెళ్తావా?"

బురుల్ సరేనంది. తరవాత నిజంగానే ఒకసారి వెళ్లి ఊడ్చి వచ్చింది.

నాలుగింట్లో ఏది మేలో తేల్చడానికి మూడు రోజులు పట్టింది. బురుల్ ఒక్కొక్కటే గుచ్చి, వేడెక్కనిచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలు వెనకభాగంతో గాజు మీద మెల్లగా తట్టేది. గంట కొట్టినట్టు మోగేది పనికిరాదు. అలా ఒకటి పోయింది. ఒకదాంట్లో బొయ్యిమనే హోరుంది. మిగిలిన రెండింట్లో ఒకదాన్ని, ఇది మాట్లాడకుండా కూచుంది అనుకుని ఎంచుకుంది. కూతురు ఎప్పుడో మరిచిపోయిన గోళ్లరంగు సీసా తీసి దాని నెత్తిన ఎర్రచుక్క పెట్టింది. "పెళ్లికూతురు కుదిరింది" అని తిలేక్‌కు చూపించింది. తిలేక్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, "బాగుంది ఏజే" అన్నాడు.

రికార్డింగుకు ముందురోజు మధ్యాహ్నం దుమ్ము తుడుద్దామని బురుల్ ప్రీయాంప్ మూత తీసింది. లోపలున్న వాల్వు నెత్తిన చుక్క లేదు.

గుడ్డతో రుద్దితే పోయిందేమోనని వేలితో తడిమి చూసింది. పక్కనున్న మిఠాయి డబ్బా తెరిచింది. ఎర్రచుక్కది దూదిలో పడుకునుంది.

తిలేక్ చేతిలో టీ కప్పుతో లోపలికొచ్చాడు.

"నా చుక్కేది?"

"ఏజే, బోర్సోక్ ఉండలు తెచ్చాను, ఇప్పుడే నూనెలోంచి తీసినవి..."

"నా చుక్కేదని అడుగుతున్నా."

తిలేక్ కప్పు బల్లమీద పెట్టాడు. "నేనే మార్చాను. అది బుసకొడుతోంది ఏజే."

"నాలుగింట్లో అదే నిశ్శబ్దం!"

"కాదు. అదే అన్నిటికంటే పాడు. నూనెలో నీళ్లు చిలకరించినట్టుంది."

"మరి ఆరోజు బాగుందన్నావ్?"



బురుల్ కుర్చీ వెనక్కి తిప్పి, వీపు అతనికి పెట్టి కూచుంది. "రెండూ మార్చి మార్చి వినిపించు. నీ ఇష్టమొచ్చిన వరసలో. ఏది రొదో నేను చెబుతా. ఆరుసార్లు."

"వద్దు ఏజే."

"వినిపించు."

ఒక్కోసారి వాల్వు మార్చి వేడెక్కనివ్వాలి. ఆరుసార్లకు సాయంత్రమైంది. బురుల్ ప్రతిసారీ కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కాగితం మీద గీత గీసేది. ఆఖరిదయ్యాక కాగితం వెనక్కి చాపింది.

"ఎన్ని సరిపోయాయి?"

"వదిలేద్దాం."

"ఎన్ని తిలేక్?"

"రెండు."

నాణెం ఎగరేసినా మూడు రావాలి. బురుల్ లేచి హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించింది.

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్లుంటుందేమో. పై శబ్దాలు మీకు అందటం లేదు. కోముజ్ టేపుల్లో వాటిని మరీ పెంచేసేవారు, చెవులు కోసుకుపోయేవి. మీరు ఇంటికెళ్లాక నేను తగ్గించి మళ్లీ కాపీ తీసేవాణ్ణి."

"అన్నీనా?"

"దాదాపు అన్నీ."

"ఎవరికి తెలుసు?"

"నాకే." వెంటనే దిద్దుకున్నాడు, "డైరెక్టరుగారిక్కూడా. ఆయనే, చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటుంది అన్నారు."

నాలుగేళ్లుగా తన టేపులని పదిమందికీ వినిపించి మురిసిపోయినవి తన టేపులు కావు. ఆ టేపులకే మూడేళ్ల కిందట డైరెక్టరు ఇచ్చిన మెచ్చుకోలు పత్రం ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. బురుల్‌కు చెవి పోయినందుకన్నా దానికే ఒళ్లు మండింది. "దొంగలు. ఇద్దరూ దొంగలు. జాలిదొంగలు" అంది. కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నడిచే ఇంటికెళ్లింది. పార్కు పక్కన పాప్లర్ చెట్ల మీద పిచ్చుకలు గుంపులుగా వాలి ఉన్నాయి. చాలాసేపు తలెత్తి నిలబడి చూసింది. ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. దారినపోయే ఆవిడొకరు, "ఏం పోగొట్టుకున్నారమ్మా?" అనడిగి తన దారిన తను పోయింది.

మర్నాడు పొద్దున్నే మామూలు వేళకే స్టూడియోకొచ్చింది. తిలేక్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏజే, ఏది పెట్టను? వాల్వుదైతే ఇప్పుడే వెయ్యాలి, వేడెక్కడానికి..."

"నీ చెవికి ఏది నచ్చితే అది."

"అలా కాదు, మీరు చెప్పండి."

"చెవున్నవాడివి నువ్వు. నన్నెందుకు అడుగుతావ్?"

తిలేక్ కాసేపు రెండు పెట్టెల మధ్యా నిలబడ్డాడు. వాల్వు ప్రీయాంప్ మీద గుడ్డ అలాగే ఉంచి, కొత్తదాని తీగ బిగించాడు.

జూరాకాన్ పదింటికొచ్చింది. నాలుగడుగుల మనిషి, తలకు తెల్లటి గుడ్డ, చంకలో మూట. మూటలోంచి ఎండబెట్టిన ఉప్పు పెరుగు ఉండలు తీసి అందరికీ తలొకటీ ఇచ్చింది. మైకు చుట్టూ ఓసారి తిరిగి చూసింది.

"ఇదేనా పాట మింగేది? మూతి చూడు, గుర్రం మూతిలా ఉంది" అని నవ్వింది. ఆమెకు ముందుపళ్లు రెండే ఉన్నాయి.

"ఆపా, కూర్చోండి. మీకు ఎప్పుడు తోస్తే అప్పుడు మొదలెట్టండి" అంది బురుల్, పెద్దావిడల్ని పిలిచే వరసలో.

"మొదలెట్టేదేంది? సచ్చిందెవరు?"

బురుల్ కుర్చీ ఆమె దగ్గరికి జరిపింది.

"ఎవరూ చావలేదు ఆపా. మీకొచ్చిన పాత శోకం ఏదో ఒకటి..."

"పీనుగ లేని సోకమా? ఇంటి మీదికి సావును పిలవమంటావా? నీకేమన్నా మతిపోయిందా పిల్లా? నా మనవడు పాటలన్నాడు, నేను ఎవుడో పోయుంటాడు, పట్నపోళ్లకి ఏడవడం రాదు, ఏడిసిపెడదామని వస్తి." ఆమె మూట మళ్లీ కట్టుకోవడం మొదలెట్టింది. "నాకో పేరు చెప్పండి. మీ ఇంట్లో ఏడుపు బాకీ ఉన్నోడి పేరు. లేదా నేను బస్సెక్కుతా."

బురుల్ తన చేతులు చూసుకుంటూ, "ముకాష్" అంది.

"ఎవరాయన?"

"మా ఆయన. పద్దెనిమిదేళ్లయింది."

"నువ్వు ఏడవలేదా?"

"ఏడవనివ్వలేదు ఆపా. లారీ యూనియన్ వాళ్లు బ్యాండు మేళం పెట్టారు. ఉపన్యాసాలు చెప్పారు. శోకాలు పాతకాలపు పద్ధతి, నువ్వు చదువుకున్నదానివి అన్నారు. నేను నిలబడి అందరితో చెయ్యి కలిపాను."

ముసలావిడ మూట కింద పెట్టేసింది. "అట్టా చెప్పు మరి. రా, నా పక్కన కూచో. అయినోళ్లు పక్కన లేకుండా సోకమేంది? ఏ గుర్రమెక్కేవాడు?"

"గుర్రం కాదు ఆపా, లారీ."

"ఏం రంగు?"

"నీలం. తలుపు ఒకటి ఆకుపచ్చ. పాతది ఊడిపోతే ఇంకో లారీది తెచ్చి బిగించాడు."

"కోపిష్టోడా?"

"ఉహుఁ. నవ్వితే మాత్రం ఆపలేం. నిద్రలో కూడా నవ్వేవాడు."

"శవం దొరికిందా?"

"మే నెలలో దొరికింది. మంచు కరిగాక."

ముసలావిడ ఒక్కొక్కటీ అడిగి, తలూపుతూ, పెదాలు కదుపుతూ దాచుకుంది. అద్దం అవతల, మిషను గదిలో, తిలేక్ ఆమె మాటలకే మీటరు ముల్లు ఎంత లేస్తోందో చూసుకుని శబ్దం పాళ్లు సరిచేసుకున్నాడు. తలుపు తీసి మెల్లగా అడిగాడు, "ఏజే, ఇంతే ఉంచనా? కొంచెం తగ్గించనా? ఎనభై ఏళ్ల మనిషి, మరీ ఎంత అరుస్తుందిలే."

ఎంత అరుస్తుందో బురుల్‌కు తెలుసు. ఏడేళ్లప్పుడు మేనత్త పోతే నాయనమ్మ ఎత్తుకున్న శోకం విని, భయపడి గొర్రెల మంద మధ్యలో దూరి దాక్కుంది. అప్పుడు నాయనమ్మకు డెబ్బై దాటాయి. సగానికి తగ్గించు అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నిన్నటి కాగితం మీది గీతలు కళ్లముందు కదిలాయి.

"నీ ఇష్టం" అంది.

తలుపు మూసుకుంది. ముసలావిడ గోడవైపు తిరిగింది, బురుల్‌ను కూడా తిప్పింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఎవరితోనో గుట్టు చెబుతున్నట్టు మొదలెట్టింది.

గుర్రమెక్కని వీరుడా, చక్రమెక్కి పోతివా,
నీలి బండి వాకిలికి పచ్చ తలుపు పెడితివా,
మంచు దుప్పటి చాలకా, కొండ కప్పుకొంటివా,
నిద్రలోన నవ్వెటోడా, నిద్రలోనే ఉంటివా...

బురుల్‌కు మొదట సిగ్గేసింది. అద్దం అవతల మనిషున్నాడు. తరవాత ఆ సంగతి మరిచిపోయింది. పాట మే నెలలోకి వచ్చింది, కరిగిన నీళ్లలోకి వచ్చింది, బ్యాండు మేళంలోకి వచ్చింది.

ఇత్తడి బూరలూదిరే, ఇల్లాలి నోరు మూసిరే,
చేతులన్నీ కలిపిరే, చెయ్యి ఒకటి లేదాయే,
ఏడుపు లేని మట్టిలో ఎట్లా పడుకుంటివో
అయ్యో...

ఆ 'అయ్యో' దగ్గర కేక లేచింది. ఆ చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందో గానీ, పక్కనున్న బురుల్‌కు పక్కటెముకల్లో తగిలింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి బురుల్ నోటినుంచి కూడా ఏదో వచ్చింది. అది తన గొంతేనని ఆవిడకు వెంటనే తెలియలేదు.

అయిపోయాక ముసలావిడ తలగుడ్డ కొసతో ముందు బురుల్ మొహం తుడిచి, తరవాత తన మొహం తుడుచుకుంది. "బరువు దిగిందా? టీ పెట్టించు. ఉప్పేసి, పాలు పోసి" అంది.

బురుల్ అవతలి గదిలోకెళ్లేసరికి తిలేక్ టేపు మిషను ముందు నిలబడి ఉన్నాడు. టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. గొణుగుడు అద్దంలా ఉంది, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. 'అయ్యో' దగ్గరికొచ్చేసరికి ముల్లు చివరికి కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తిలేక్ పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. బురుల్‌కు మాత్రం అది కొంచెం బొంగురుపోయిన గొంతులా వినిపించింది, అంతే.

"చిరిగిందా?" అనడిగింది.

"పూర్తిగా. మూడు కేకలూ. తీగ తెగినట్టు పీలికలైపోయింది ఏజే. మీ ఆయన శోకం... నేను... ఇంకోసారి పాడమని అడుగుదామా?"

అడిగారు. ముసలావిడ టీ కప్పు దించకుండానే, "సచ్చినోడు ఒక్కసారే సస్తాడు. సోకం కూడా ఒక్కసారే. మళ్లీ పాడితే అది ఆట, నేను ఆటగత్తెను కాదు" అంది. ఆ మాటకిక తిరుగులేదు.

ముసలావిణ్ణి బసకు పంపాక తిలేక్ ఎక్కడివాడక్కడే కూలబడ్డాడు. "మీరు మొదట్నుంచీ వాల్వే అన్నారు. నేనే వినలేదు" అన్నాడు.

"తప్పంతా నీ నెత్తినేసుకోకు. నువ్వడిగినప్పుడు తగ్గించాలని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

తిలేక్ తలెత్తి చూశాడు. "ఎందుకు?"

"నువ్వు నాలుగేళ్లు చెప్పలేదు. నేను నాలుగు నిమిషాలు చెప్పలేదు." ఆ మాట అన్నాక బురుల్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. "నీది జాలి. నాది పొగరు. నేనే ముకాష్‌ను రెండోసారి మంచులో వదిలేశాను."

ఆ తరవాత తిలేక్ లేచి వాల్వు ప్రీయాంప్ మీది గుడ్డ తీశాడు. మిఠాయి డబ్బాలోంచి వాల్వులన్నీ మళ్లీ ఒక్కొక్కటే గుచ్చి విన్నాడు. ఎంచుకున్నాక, "కొంచెం రొదుంది. కానీ ఓర్చుకోవచ్చు" అన్నాడు. బురుల్ సరేనంది. తను హెడ్‌ఫోన్లు అడగలేదు.

మర్నాడు ముసలావిడ తన సొంత చావుల్ని ఏడ్చింది. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని తమ్ముణ్ణి ఒకటి, ఆరేళ్లకే పోయిన కూతుర్ని ఒకటి. ఆ రెండు శోకాలూ ఇదివరకు ఊళ్లో పాడినవే గదా అని తిలేక్ అడిగితే, "నా పీనుగలు నా ఇష్టం. వాటికి ఏడుపు చాలలేదు" అంది. శబ్దం పాళ్లు మార్చే పిడి మీద బురుల్ చెయ్యుంది. కేక ఎప్పుడొస్తుందో ఆవిడకు ఊపిరిని బట్టే తెలిసేది. రొద ఎంతుందో తిలేక్ చెబితే తెలిసేది. ఆ రెండు టేపులూ నిలబడ్డాయి. వెనక సన్నగా బుస ఉంటుందట. కేక మాత్రం కేకలాగే ఉంటుందని విన్నవాళ్లంటారు.

డిసెంబరులో బురుల్ తనే డైరెక్టరు గదిలోకెళ్లి, ఇక మిషను ముందు కూచోనని చెప్పింది. ఆయన అలా ఎందుకమ్మా అంటూ నసిగాడు. "మీకు నాలుగేళ్లుగా తెలుసు కదా, నాకు నెలే అయింది. కొంచెం సర్దుకోనివ్వండి" అంది. అద్దాల బీరువాలోంచి తీసి తెచ్చిన మెచ్చుకోలు పత్రం ఆయన బల్లమీద పెట్టింది. ఆయన తీసుకోకపోతే అక్కడే వదిలేసి వచ్చింది. జనవరి నుంచి కింది అంతస్తులో, టేపుల గిడ్డంగిలో, డబ్బాల మీద పేర్లు రాసే పని. చలికి చేతులు కొంకర్లు పోయేవి. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని రాసేది. పాడైన టేపులకు ఒక మూల అలమర ఉంది. ముకాష్ శోకం డబ్బా మీద పేరూ, తేదీ రాసి, కింద "కేకలు చిరిగాయి" అని రాసి, ఆవిడే ఆ అలమరలో పెట్టింది.

ఒకసారి ఎవరూ లేనప్పుడు తీసి విన్నది. మిగతావాళ్లకు చెవులు పగిలే చోట ఆవిడకు బొంగురు గొంతే వినిపించింది. అందుకు సంతోషించాలో ఏడవాలో తోచక టేపు ఆపేసింది. మళ్లీ తీయలేదు.

ఫిబ్రవరి చివర అట్‌బాషీ నుంచి ఫోనొచ్చింది. జూరాకాన్ పోయింది. తిలేక్ గిడ్డంగిలోకి దిగొచ్చి చెప్పాడు.

"చిన్న మిషను తీసుకుని నేనూ రానా ఏజే? ఆమె కూతుళ్లు ఏడుస్తారు కదా. మంచి శోకాలుంటాయి."

"వద్దు. ఈసారి ఎవరూ దేన్నీ పట్టుకోవద్దు" అంది బురుల్.

పొద్దుటి బస్సులో ఒక్కతే వెళ్లింది. ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో గుడారం వేశారు. బయట మగవాళ్లు కర్రల మీద వంగి నిలబడి బిగ్గరగా ఏడుస్తున్నారు. పొయ్యిల మీద పెద్ద మూకుళ్లు, పొగ. బురుల్ తలకు గుడ్డ కట్టుకుని గుడారం తెర ఎత్తింది. లోపల ఏడెనిమిది మంది ఆడవాళ్లు వీపులు ఇటు పెట్టి వరసగా కూచునున్నారు. ఆ చివర కోడలు కాబోలు, తిరిగి చూసింది.

"ఎవరమ్మా మీరు? ఎవరి తరఫు?"

"ఎవరి తరఫూ కాదు. పట్నం నుంచొచ్చాను. ఆమె మా ఇంటి మనిషికి ఏడ్చింది. నేను ఆమెకు ఏడవడానికొచ్చాను."

"పాడటమొచ్చా?"

"రాదు."

"రాకపోతే ఏం, కూచోండి" అని ఆ కోడలు పక్కకు జరిగి చోటిచ్చింది. బురుల్ బూట్లు విప్పి, గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూచుంది.